ఆయన వచ్చిన చలికాలం

నాలుగేళ్ళు ఎదురుచూసిన మొగుడు ఇల్లు చేరిన నెల్లాళ్ళకే, ఈ మనిషి ఇంకొన్నాళ్ళు ఆగి వస్తే ఏం పోయేది అనుకున్న ఆడదాన్ని నేను. పైకి అనలేదు. అనడానికి అదేమన్నా నోటితో అనే మాటా? మాతోపాటు యుద్ధం తప్పించుకుని సరిహద్దు దాటి ఈ దేశం వచ్చిన ఆడవాళ్ళలో, మొగుడు ఉన్నాడో లేడో తెలియనివాళ్ళు మా భవనంలోనే ఉన్నారు. వాళ్ళే మెట్ల మీద ఎదురై, నా చేతులు పట్టుకుని, "అదృష్టవంతురాలివమ్మా" అన్నారు. అవునవునని తలూపాను. లోపల మాత్రం పొట్టుకుంపటిలా ఏదో రాజుకుంటూనే ఉంది.

ఆయన దిగిన రోజు విమానాశ్రయంలో చిట్టి నా కోటు వెనక దాక్కుంది. మేం విడిపోయేనాటికి దానికి రెండేళ్ళు నిండలేదు. ఆఖరి బస్సులో ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే చోటుందన్నారు. ఆయన కిందే ఉండిపోయాడు. అప్పట్నుంచీ నాన్న అంటే దానికి ఫోన్లో కనపడే ఒక మొహం, రెండు భుజాలు. గాజు తలుపులు తెరుచుకుని ఆయన బయటికి రాగానే అది నా పక్కనుంచి తొంగిచూసి, నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అంది:

"అమ్మా, నాన్నకి కాళ్ళున్నాయి!"

ఆయన బ్యాగు కింద పడేసి, దాని ఎత్తుకి సరిగ్గా గొంతుక్కూర్చుని, "రెండున్నాయి. కావాలంటే లెక్క చూసుకో" అన్నాడు. అది నిజంగానే వెళ్ళి ఒక్కో మోకాలు ముట్టుకుని లెక్క చూసుకుంది. అంతే. ఆ నిమిషం నుంచి అది ఆయన మనిషి.

నేను ఆ రోజుకోసం కొత్త స్వెటరు కొనుక్కున్నాను. ఎదురుపడగానే ఏం మాట్లాడాలో లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"వచ్చావా?"

ఆయన తలెత్తాడు. "ఫోన్లో అంటే సరే. ఎదురుగా కూడా నువ్వేనా?"

పెళ్ళయిన కొత్తలో మీరు అనేదాన్ని. సిగ్నల్ పోయేలోగా చెప్పాల్సినవన్నీ చెప్పేయాలన్న తొందరలో ఆ మీరు కాస్తా ఎప్పుడో నువ్వు అయిపోయింది.

"మార్చుకోమంటావా?" అన్నాను.

"వద్దులే. అలవాటైపోయింది" అన్నాడు. అప్పటికే చిట్టి ఆయన చంకనెక్కింది. బ్యాగు నేను మోసుకొచ్చాను.

మాది మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఆ కాస్త ఇంటినీ నేను గడియారం ముల్లులా నడిపేదాన్ని. అలా నడపకపోతే నడిచేది కాదు మరి. తెల్లారకుండా లేవడం, చిట్టికి రెండు జడలు బిగించి అల్లడం, పాలు, బూట్లు, కోటు, పరుగు. దాన్ని బడి గేటు దగ్గర వదిలి నేను హోటలు లాండ్రీకి. సాయంత్రం నేను వచ్చేదాకా బడిలోనే ఒక గదిలో ఉంచేవాళ్ళు. నేను వెళ్ళేసరికి పిల్లలందరూ వెళ్ళిపోయి, అదొక్కతే కోటు తొడుక్కుని కూర్చునేది. ఏడ్చేది కాదు. "ఇవాళ కూడా బస్సు లేటా?" అని పెద్ద ఆరిందాలా అడిగేది.

ఆయన వచ్చాక ఆ బాధ తప్పింది. పొద్దున పూట ఆయనకి ఇక్కడి భాష నేర్పే క్లాసు, మధ్యాహ్నం నుంచి ఖాళీ. బడి గంట కొట్టేసరికి అందరి తల్లిదండ్రులకన్నా ముందు గేటు దగ్గరుండేది మా ఆయనే. సంతోషించాల్సిన విషయమే కదా? నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలో బూట్లు ఒకటి ఇటూ ఒకటి అటూ, తడి సాక్సులు బొమ్మల పుస్తకం మీద, ఇద్దరూ మంచం మీది దిండ్లన్నీ తెచ్చి కోట కట్టి అందులో దూరి ఉండేవాళ్ళు. కోటు విప్పకుండానే మొదలుపెట్టేదాన్ని.

"లెక్కలు చేశావా? పాలు తాగావా? ఈ సాక్సులేంటి ఇక్కడ?"

"అమ్మొచ్చింది" అనేది చిట్టి, కోటలోంచి. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడన్నట్టుండేది ఆ అనడం.

అన్నిటికన్నా నన్ను కాల్చింది భాష. నేను ఇక్కడి భాష ఎక్కడా కూర్చుని నేర్చుకోలేదు. వరసల్లో నిలబడి, కౌంటర్ల ముందు చేతులు తిప్పి, లాండ్రీలో తిట్లు తిని నేర్చుకున్నాను. నా మాటల్లో తప్పులుండేవి. చిట్టికి ఆ తప్పులంటే సిగ్గు. దుకాణంలో నేను నోరు విప్పగానే నా చెయ్యి గుంజి, "నువ్వూరుకో అమ్మా, నేను చెప్తాలే" అనేది. అలాంటిది, ఒకరోజు అన్నం తింటుండగా ఆయన కొత్తగా నేర్చుకున్న భాషలో దాన్ని ఉప్పు అడిగాడు. అది పడీ పడీ నవ్వింది.

"నాన్నా, నువ్వు అడిగింది ఉప్పు కాదు, సబ్బు!"

"అయితే సబ్బే ఇయ్యి. కూరలో కలుపుకుంటా."

అది కుర్చీలోంచి జారి కిందపడి మరీ నవ్వింది. తర్వాత లేచి, ఆయన గడ్డం పట్టుకుని, నాలుక ఎక్కడ ఆనించాలో, గాలి ఎక్కడ వదలాలో ఎంత ఓపిగ్గా చూపించిందో! అదే తప్పు నేను చేసిన రోజు నాకు గుర్తుంది. దుకాణమంతా వినేట్టు విసుక్కుంది. నేను లేచి నా కంచం తీసేశాను.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడాయన.

"పొద్దున్నే పనికెళ్ళాలి కొందరు" అన్నాను. ఆ "కొందరు" ఆయనకి తగిలిందో లేదో చూడటానికి కూడా ఆగలేదు.

తర్వాత జడ సంగతి. ఒక పొద్దున నేను దువ్వెన పట్టుకుని పిలిస్తే చిట్టి రాలేదు. మంచం చివర కూర్చున్న ఆయన మోకాళ్ళ మధ్య అప్పటికే నిలబడి ఉంది. ఆయన వేళ్ళు ఇటుకలూ సిమెంటూ పట్టినవి. తాపీమేస్త్రి. ఆ వేళ్ళతో పాయలు తీయలేక, నాలుక బయటపెట్టి, గోడ కడుతున్నంత శ్రద్ధగా అల్లుతున్నాడు. ఒక జడ చెవి మీదికి, ఇంకోటి మెడ వెనక్కి. మధ్యలో సగం జుట్టు దేనిలోకీ చేరలేదు.

"ఇలా బడికి పంపుతామా? ఇటు రా, విప్పి వేస్తాను."

"వద్దు. నువ్వు లాగుతావు" అంది చిట్టి. "నాన్న వేస్తే నొప్పి పుట్టదు."

ఆయన నా వంక చూశాడు. నవ్వాలా వద్దా అన్నట్టు ఒక చూపు. నేను దువ్వెన బల్లమీద పెట్టేసి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే నా బూట్లు ఎడంది కుడికి తొడుక్కుని ఉన్నాను.

లాండ్రీలో నాతో జోడీ పొడుగక్క. ఆమెది వేరే దేశం, వేరే యుద్ధం. ఇద్దరం మాట్లాడుకునేది ఇక్కడి భాషే, చెరో రకం తప్పులతో. గది పొడుగునా ఉండే ఇస్త్రీ మిషను ముందు మేమిద్దరం దుప్పటికి చెరో మూలా పట్టుకుని, సాపుగా లాగి, వేడి రోలరు కిందికి అందించాలి. ఒకళ్ళు ఎక్కువ లాగినా వంకరపోతుంది, తక్కువ లాగినా ముడతపడుతుంది. ఆ రోజు ఆమె రెండుసార్లు నా వైపు తూలింది.

"ఏమిటి, దుప్పటి లాగుతున్నావా, నన్నా?" అంది.

"చెయ్యి జారింది."

"చెయ్యి జారితే వదులవుతుంది. నువ్వు లాగుతున్నావు." ఇంకో దుప్పటి అందుకుంది. "మొగుడేనా?"

నేను దుప్పటి అంచు సవరించాను.

"కొడతాడా? తాగుతాడా?"

"ఛఛ. బంగారంలాంటి మనిషి. పిల్లదాన్ని నెత్తిన పెట్టుకుని చూస్తాడు."

"అదే అయ్యుంటుందిలే" అని, ఆమె ఇంకేమీ అడగలేదు. అంత తేలిగ్గా నా గుట్టు బయటపడిందని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

చిట్టికి మొదటి పన్ను ఊడింది కూడా ఆ నెలలోనే. రోజూ రాత్రి నాకు చూపించి, "ఇంకా ఊగుతోంది, చూడు" అనేది. చివరికి ఊడింది మాత్రం ఆయన దగ్గర, పార్కులో, ఉయ్యాల మీద. నేను ఇంట్లో అడుగు పెట్టగానే ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. ఆయన జేబురుమాలు విప్పి చూపించాడు. బియ్యపుగింజంత పన్ను.

"అమ్మ వచ్చేదాకా ఆగవే అని చెప్పాను. అది ఆగలేదు" అన్నాడు.

"ఈ చలిలో పార్కుకి ఎవరు తీసుకెళ్ళమన్నారు?" అన్నాను.

ఇద్దరి మొహాలూ ఒకేలా మాడిపోయాయి. ఆ పోలిక కూడా నేను అప్పుడే మొదటిసారి గమనించాను. అదే ముక్కు, అదే కింది పెదవి. కని, నాలుగేళ్ళు ఒంటిచేత్తో పెంచిన బిడ్డలో నాది అని చెప్పుకోవడానికి ఏముందో వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయనకి ఉద్యోగం చూపిస్తామన్న శరణార్థుల ఆఫీసువాళ్ళు కబురు పెట్టింది ఆ వారమే. సముద్రం పక్క ఊళ్ళో చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ. రాత్రంతా బస్సు ప్రయాణం. ఉండటానికి గది వాళ్ళే ఇస్తారు. రెండు వారాలకోసారి ఇంటికి రావచ్చు. ఆ ఆదివారం మధ్యాహ్నం చిట్టి కింద వాకిట్లో పిల్లలతో మంచు ముద్దలు చేసి విసురుకుంటోంది. మేమిద్దరం వంటింటి కిటికీ దగ్గర టీ తాగుతూ దాన్ని చూస్తున్నాం.

"రేపు జవాబు చెప్పాలి. ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"వెళ్ళు" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి ఉండాల్సింది.

"ఇక్కడే ఏదన్నా దొరికేదాకా చూడమంటావేమో అనుకున్నాను."

"ఎన్నాళ్ళు చూస్తావు? నలుగురిలో పడితే భాష కూడా తొందరగా వస్తుంది."

"నేను వెళ్ళడం నీకు ఇష్టమేనా? భాష సంగతి పక్కన పెట్టు."

కింద చిట్టి కేకపెట్టి నవ్వింది. మంచు ముద్ద ఎవరికో తగిలినట్టుంది.

"ఇష్టమే" అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కిటికీ అద్దం మీద ఆవిరిని వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. "నీకో సంగతి చెప్పలేదు" అన్నాడు. "ఆ మధ్య బడినించి వస్తుంటే సైరన్ మోగింది. ఫైరింజనో, ఏదో మామూలుదే. గోడకి ఆనుకుని, తలమీద చేతులు పెట్టుకుని, రోడ్డు పక్కన అలాగే కూర్చుండిపోయాను. కళ్ళు తెరిస్తే చిట్టి లేదు."

"లేదంటే?"

"నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. నాలుగు వీధులూ వెతికాను. ఎక్కడుందో తెలుసా? నువ్వు దిగే బస్టాపులో. నువ్వొచ్చే వేళ కూడా కాదది. అక్కడ నిలబడి వచ్చిన బస్సునల్లా చూస్తోంది. అమ్మకి చెప్పకే, భయపడుతుందని నేనే బతిమాలాను."

నా చేతిలో టీ ఎప్పుడు చల్లారిందో తెలీదు.

"నాకు ఒళ్ళు మండిపోయింది తెలుసా?" అన్నాడు. "సైరన్ మీద కాదు. నీమీద. నాతో ఆడుతుంది, పాడుతుంది, జడ వేయించుకుంటుంది. రోడ్డు దాటాలంటే మాత్రం అది నా చెయ్యి పట్టుకోదు, నాకే చెయ్యిచ్చి దాటిస్తుంది. పెద్ద బొమ్మని దాని దృష్టిలో. ఎన్నాళ్ళు గుర్రమాడితే నేను ఆ బస్టాపునవుతాను చెప్పు?"

నా దగ్గర లేనిదేదో ఆయన దగ్గరుందని చలికాలమంతా కుళ్ళి చచ్చాను. ఆ మనిషి నావైపు చూసి అదే పని చేస్తున్నాడని తట్టనైనా లేదు. ఓదార్చాలని కూడా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ముందు కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత, తలమీద చేతులు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఆయన కనిపించాడు.

"టీ వేడి చేయనా?" అన్నాను.

"చెయ్యి" అన్నాడు.

మర్నాడు పొడుగక్క పని మానేస్తున్నట్టు చెప్పింది. కూతురికి నెలలు నిండాయి, పురుడు పోయడానికి వెళ్ళాలి, తర్వాత పిల్లని చూసుకోవాలి. ఆమె ఇంకా చెబుతుండగానే నేను చేతులు తుడుచుకుని సూపర్వైజరమ్మ గదికి వెళ్ళాను. ఆవిడతో నేను అంతకు ముందు సెలవడగడానికి తప్ప మాట్లాడి ఎరగను.

"పొడుగక్క చోటుకి మనిషి ఉన్నాడు" అన్నాను.

"అనుభవం ఉందా?"

"లేదు. నేను నేర్పుతాను."

"ఎవరు?"

"మా ఆయన."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మొగుడూ పెళ్ళాలని ఒక మిషను మీద పెడితే రోజంతా పోట్లాడుకుంటారు."

"మాకింకా అంత పరిచయం లేదండీ" అన్నాను. నేను ఉన్నమాటే చెప్పాను. ఆవిడ మాత్రం పగలబడి నవ్వి, సరే రమ్మనమంది.

చేపల ఫ్యాక్టరీకి ఆయన రానని చెప్పేశాడు. వసంతం ఇంకా పూర్తిగా రాలేదు, రోడ్ల పక్కన మంచు నల్లగా కరుగుతోంది. ఆ రోజుల్లో ఆయన నాకెదురుగా దుప్పటి రెండో మూల పట్టుకుని నిలబడ్డాడు. మొదటి వారం ఒక్క దుప్పటి తిన్నగా పోలేదు.

"లాగకు. పట్టుకో అంతే."

"పట్టుకునే ఉన్నాను."

"నన్ను చూడకు, అంచు చూడు."

"ఎదురుగా నిలబెట్టి చూడొద్దంటే ఎలా?"

పక్క మిషను మీద ఉన్నవాళ్ళకి మా భాష రాదు కాబట్టి సరిపోయింది. ఆ రోలరు ఆవిరిలో నాకు మొహం ఎర్రబడితే ఎవరూ గమనించలేదు. ఇంట్లో మూడు నెలలుగా మంచానికి చెరో అంచునా, మధ్యలో చిట్టిని పెట్టుకుని, సత్రంలో బాటసారుల్లా పడుకున్నవాళ్ళం, దుప్పట్ల మధ్య నిలబడి మళ్ళీ మాటలు మొదలుపెట్టాం. ఆయన అక్కడ మిగిలిపోయిన రోజులు కొంచెం కొంచెంగా చెప్పాడు. నేను ఇక్కడ మొదటి రోజులు చెప్పాను. కొన్నిటికి దుప్పటి ఆగిపోయేది. పని కానివ్వమన్నట్టు సూపర్వైజరమ్మ దూరం నుంచి చప్పట్లు కొట్టేది.

చిట్టికి మాత్రం మళ్ళీ సాయంత్రం దాకా బడే గతి. ఆయన్ని దూరం పంపకుండా ఉంచుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఉంచుకున్నది ఎవరి దగ్గర? అది దానికి చేసిన మేలో, దానిమీద తీర్చుకున్న కసో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ కాస్త కాస్త అయ్యుంటాయి.

ఒకరోజు ఇద్దరం కలిసి దాన్ని బడి దగ్గర తీసుకుని, నడిచి వస్తున్నాం. కూరగాయల సంచులు ఆయన చేతుల్లో ఉన్నాయి. ఆయన ఉన్నట్టుండి సూపర్వైజరమ్మలా మెడ నిక్కబెట్టి, ఆవిడ దుప్పటి వాసన చూసే తీరు చేసి చూపించాడు. నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని నిలబడి నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో, పక్కటెముకలు నొప్పెట్టాయి.

"ఏంటి? ఏంటది? నాకూ చెప్పండి" అంది చిట్టి.

"లాండ్రీ సంగతమ్మా. చెప్పినా నీకు తెలీదు" అన్నాడాయన.

అది టోపీ కళ్ళదాకా లాక్కుని మాకన్నా ముందు నడవసాగింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బూట్లతో మంచు తన్నుకుంటూ పోతోంది. ఆ నడక చూస్తే, నాకు దాని మొహం చూడక్కర్లేకపోయింది. నేనే వడివడిగా వెళ్ళి కలుసుకున్నాను.

"నాన్నని నువ్వు తీసేసుకున్నావు" అంది, నావైపు చూడకుండా.

అలాంటప్పుడు తల్లులు చెప్పే మాటలు నాకూ తెలుసు. నాన్న నీవాడేనమ్మా అనాలి. కానీ అబద్ధమాడాలనిపించలేదు.

"అవును, కొంచెం తీసుకున్నాను" అన్నాను. "ఆదివారాలు నీకిచ్చేస్తా."

"ఆదివారం ఒక్కటేనా?"

"శనివారం కూడా తీసుకో."

అది ఆలోచించింది. బేరం కుదిరిందనుకున్నాను. రెండడుగులు వేసి ఆగింది.

"మరి నువ్వు?"

"నేనేంటి?"

"నువ్వు ఏ రోజు నాకు?"

వంట ఉంది, బట్టలున్నాయి, రేపటి లెక్కలున్నాయి. నోటిదాకా వచ్చాయి అన్నీ. దాని టోపీ కింద ఒక కన్ను మాత్రమే కనపడుతోంది. అది కూడా ఎటో చూస్తోంది, జవాబుతో తనకేమీ పనిలేనట్టు.

"ఇవాళ" అన్నాను.

వీధి చివర పార్కు వైపు తిరిగాం. అక్కడ ఏం ఆడతారో, ఎలా ఆడతారో నాకు తెలీదు. నాలుగేళ్ళూ ఆ కంచె పక్కనుంచి పరిగెత్తడమే తప్ప గేటు తీసింది లేదు. చిట్టి నా చెయ్యి పట్టుకుని గేటు తీసింది.

వెనకనించి ఆయన రెండు సంచులూ పైకెత్తి అరిచాడు. "ఎక్కడికి? నేనూ రానా?"

"నువ్వొద్దు, ఇంటికెళ్ళి అన్నం వండు" అని చిట్టి వెనక్కి తిరక్కుండానే కేకేసింది.

నాకెంత హాయిగా ఉందో పైకి చెప్తే బాగుండదు. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి, ఆయన మొహం ఎలా ఉందో చూశాను.